వీధులు బాగుపడ్డాయి, బస్తీ ఆరోగ్యం మాటేమిటి?

ప్లేగు అనంతర సూరత్ చెబుతున్న రెండో పాఠం

సూరత్: దేశంలోని పరిశుభ్ర నగరాల జాబితాలో సూరత్ పేరు కొన్నేళ్లుగా పైవరుసలోనే కనిపిస్తున్నది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి ప్రథమ స్థానాన్ని పంచుకున్న ఈ గుజరాత్ నగరం, 2025 జులైలో వెలువడిన ఫలితాలలో ఇండోర్, నవీ ముంబయి, మన విజయవాడలతో పాటు పది లక్షలు మించిన జనాభా గల నగరాల అగ్రశ్రేణిలో నిలిచింది. మూడు దశాబ్దాల క్రితం ఇదే సూరత్ 'ప్లేగు నగరం'గా ప్రపంచ పత్రికల మొదటి పుటలకెక్కిందంటే నేటి తరం వారికి నమ్మశక్యం కాకపోవచ్చు.

ఈ మార్పు సామాన్యమైనది కాదు. దేశంలోని ఇతర నగరపాలక సంస్థలు సూరత్‌ను ఆదర్శంగా చూడటంలో అతిశయోక్తి లేదు. అయితే వీధి శుభ్రపడటం ఒక ఎత్తు, ఆ వీధిలో బతికే నిరుపేద ఆరోగ్యం బాగుపడటం మరో ఎత్తు. మొదటిది చాలావరకు అధికార యంత్రాంగం చేతిలోని పని. రెండోది ఆ బస్తీ ప్రజల భాగస్వామ్యం లేనిదే సాధ్యపడదు. సూరత్ గడచిన ముప్పయి ఏళ్ల చరిత్రను పరిశీలిస్తే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ సెప్టెంబరులో ఏం జరిగింది?

తపతి నది ఒడ్డున ఉన్న సూరత్‌లో 1971లో జనాభా అయిదు లక్షల లోపే. 1991 నాటికి అది సుమారు 15 లక్షలకు చేరింది. మరమగ్గాలు, అద్దకపు మిల్లులు, వజ్రాలకు సానపట్టే కర్మాగారాలు ఇరవై ఏళ్లలో నగరాన్ని మూడింతలు చేశాయి. పనులకోసం ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల నుంచి లక్షలాదిగా శ్రామికులు తరలివచ్చారు. వారికి పని దొరికింది గాని ఇల్లు, మంచినీరు, మురుగు కాల్వ దొరకలేదు. నదీ తీరాన, రైలు పట్టాల వెంట, మిల్లుల వెనుక పల్లపు నేలల్లో మురికివాడలు వెలిశాయి.

1994 వర్షాకాలంలో తపతికి వరద వచ్చింది. పల్లపు వాడలలో నీరు నిలిచింది, పశువుల కళేబరాలు, చెత్త కుళ్లాయి. సెప్టెంబరు మూడో వారంలో వేడ్ రోడ్ పరిసర బస్తీల నుంచి తీవ్ర జ్వరంతో, రక్తపు కళ్లెతో రోగులు ప్రభుత్వ ఆసుపత్రికి రావడం మొదలైంది. అంతకు కొద్ది వారాల ముందే మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో గడ్డల ప్లేగు కనిపించింది. సూరత్‌లో వచ్చినది ఊపిరితిత్తులకు సోకే ప్లేగని వార్త పొక్కగానే నగరం గగ్గోలెత్తింది. కొద్ది రోజులలోనే లక్షల మంది రైళ్లలో, బస్సులలో, దొరికిన వాహనంలో ఊరు విడిచారు. వెళ్లినవారిలో ప్రైవేటు వైద్యులు కూడా అనేకులు ఉండటం గమనార్హం. టెట్రాసైక్లిన్ మాత్రల కోసం మందుల దుకాణాల ముందు జనం బారులు తీరారు.

దేశవ్యాప్తంగా మృతుల సంఖ్య 50కి పైగా నమోదైంది. ఆర్థిక నష్టం మాత్రం ఆ సంఖ్యతో ఏమాత్రం పొంతన లేనిది. పలు దేశాలు భారత్‌కు విమాన రాకపోకలను నిలిపివేశాయి, మన సరుకులపై ఆంక్షలు విధించాయి. పర్యాటకులు రావడం మానుకున్నారు. అసలది ప్లేగేనా అన్న వివాదం కూడా చాలాకాలం సాగింది. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు జన్యు పరీక్షల ద్వారా అది ప్లేగు క్రిమియేనని నిర్ధారిస్తూ 2000 సంవత్సరంలో పరిశోధన పత్రం ప్రచురించడం ఈ సందర్భంలో ప్రస్తావించదగినది.

వ్యాధి సోకినవారిలో అత్యధికులు శ్రామిక వాడల వారే. కాని భయం సోకింది మాత్రం అందరికీ. అంతవరకు మలేరియా, కామెర్లు, అతిసారం ఏటా ఆ వాడలలో ప్రాణాలు తీస్తూనే ఉన్నా అది వార్త కాలేదు. వాడలోని రోగం తమ గడప దాకా రాగలదని తెలిసినప్పుడే నగరం మేల్కొన్నది.

రావు హయాం

1995 మే నెలలో నగరపాలక సంస్థ కమిషనర్‌గా సూర్యదేవర రామచంద్రరావు బాధ్యతలు స్వీకరించారు. ఎస్.ఆర్.రావుగా ప్రసిద్ధుడైన ఈ ఐ.ఎ.ఎస్. అధికారి చేపట్టిన సంస్కరణలు నేడు పరిపాలనా పాఠ్యాంశాలయ్యాయి. నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, ఒక్కొక్క మండలానికి కమిషనర్ అధికారాలతో ఒక సీనియర్ అధికారిని నియమించారు. చల్లని గదులలో కూర్చునే అధికారులను ఉదయం పూట వీధుల్లోకి దింపారు. దీనికి సిబ్బంది పెట్టుకున్న ముద్దుపేరు 'ఎ.సి. నుంచి డి.సి.కి'. డి.సి. అంటే దినచర్య అని వారి భావం. రాత్రిపూట రోడ్లు ఊడ్చే పద్ధతి వచ్చింది. చెత్త పారవేసినవారికి, అపరిశుభ్రంగా ఉన్న హోటళ్లకు జరిమానాలు పడ్డాయి. పలుకుబడి గలవారి అక్రమ కట్టడాలు కూడా కూలాయి.

మురికివాడలలో దారులకు రాళ్లు పరచారు, కుళాయిలు, మరుగుదొడ్లు, విద్యుద్దీపాలు ఏర్పాటు చేశారు. జ్వర పీడితుల లెక్కలు ఏ రోజుకారోజు సేకరించే పద్ధతి ప్రవేశపెట్టారు. ఏడాదిన్నర తిరగకముందే, 1996లో, 'ఇంటాక్' సంస్థ సూరత్‌ను చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా పేర్కొన్నది.

ఈ కృషి వల్ల ఎక్కువగా లాభపడినవారు నిరుపేదలే. మురుగు పోయి కుళాయి వస్తే ముందుగా తగ్గేది పేదపిల్లల అతిసారమే. అయినా ఇది పైనుంచి కిందకు జరిగిన పని. బస్తీవాసి ఇందులో లబ్ధిదారు, లేదా జరిమానా కట్టేవాడు. ఏది ముందు కావాలని అతడిని అడిగినవారు అరుదు.

వరద చూపిన సత్యం

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి భారీగా నీరు వదలవలసి రావడంతో సూరత్‌లో చాలా భాగం మునిగిపోయింది. ఈసారి నగరం పారిపోలేదు. పారిశుధ్య యంత్రాంగం వెంటనే రంగంలో దిగింది. 1994 అనుభవం అక్కరకు వచ్చింది. అయితే నీరు తీసిన పిమ్మట లెప్టోస్పైరోసిస్ విజృంభించింది. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీటిలో పుండ్లున్న కాళ్లతో నడిచేవారికి సోకే వ్యాధి ఇది. బురద ఎత్తిన పారిశుధ్య కార్మికుడికి, పల్లపు గుడిసెలో ఉన్న కూలికి ఉన్నంత ముప్పు మేడపై ఉన్నవాడికి లేదు. వరద అందరినీ ముంచింది, రోగం మాత్రం మనుషులను ఎంచుకున్నది.

వరద తర్వాత నదీ తీరపు గుడిసెవాసులను కోసాడ్ వంటి దూర ప్రాంతాలలోని పక్కా గృహాలకు తరలించారు. ముంపు భయం తీరిన మాట నిజమే. కాని పని చోటు దూరమైంది, రోజూ ప్రయాణపు ఖర్చు నెత్తిన పడింది. ఇళ్లలో పనిచేసే మహిళలకు పాత గిరాకీలు పోయాయి. ఆదాయం తగ్గిన ఇంట్లో మొదట కోత పడేది తిండికి, తర్వాత మందులకు. ఆరోగ్యం దృష్టితో చేసిన మేలు కూడా, బాధితుల జీవనాధారాన్ని విచారించకుండా చేస్తే, మరో దారిన ఆరోగ్యాన్నే దెబ్బతీస్తుందనడానికి ఇది నిదర్శనం.

చిరునామా లేని మనిషి

సూరత్ జనాభా 2011 జనగణన నాటికి 44 లక్షలు దాటింది. ఆ లెక్కలో నగరంలో ప్రతి వెయ్యిమంది పురుషులకు స్త్రీల సంఖ్య 760 కంటే తక్కువ. ఈ ఒక్క అంకె సూరత్ స్వరూపాన్ని చెబుతుంది. కుటుంబాలను ఊళ్లో వదిలి ఒంటరిగా వచ్చిన యువకుల నగరమిది.

మరమగ్గాల కార్మికులలో పెద్ద భాగం మన శ్రీకాకుళం సరిహద్దున ఉన్న ఒడిశాలోని గంజాం జిల్లా వారు. పన్నెండు గంటల షిఫ్టు, చెవులు హోరెత్తించే మగ్గాల చప్పుడు, గాలిలో నూలు ధూళి. నివాసం 'మెస్' అని పిలిచే సామూహిక గది. పగటి షిఫ్టువారు పనికి పోగానే రాత్రి షిఫ్టువారు అదే చాపమీద నడుం వాలుస్తారు. నిద్ర కూడా వంతులవారీగానే. గాలి వెలుతురు లేని ఆ గదిలో ఒకరికి క్షయ వస్తే మిగిలినవారికి సోకడానికి ఎంతో కాలం పట్టదు.

ఈ మనిషి ప్రభుత్వ వైద్య వ్యవస్థకు కనిపించడు. సాధారణ వైద్యశాలలు తెరిచి ఉండే వేళకు అతడు మగ్గం వద్ద ఉంటాడు, లేదా రాత్రి షిఫ్టు ముగించి నిద్రలో ఉంటాడు. ఒక పూట ఆసుపత్రికి వెళితే ఆ పూట కూలి పోతుంది. అందుచేత వీధి చివరి వైద్యుని వద్ద ఒక సూది మందుతో సరిపెట్టుకుంటాడు. పెళ్లిళ్లకు, పంటలకు, పండుగలకు ఊరికి పోయినప్పుడు ఆరు నెలల క్షయ చికిత్స మధ్యలో తెగుతుంది. తెగిన చికిత్స మందులకు లొంగని క్షయకు దారి తీస్తుంది.

బోదకాలు వ్యాధి మరో ఉదాహరణ. దీనికి కారణమైన సూక్ష్మక్రిములు రక్తంలో ప్రధానంగా రాత్రివేళే సంచరిస్తాయి. కనుక రక్త నమూనా రాత్రిపూటే తీయాలి. ఆరోగ్య సిబ్బంది రాత్రి బస్తీకి వచ్చినా, రాత్రి షిఫ్టులో ఉన్నవాడు గదిలో ఉండడు. మగ్గం యజమానిని, మెస్ నిర్వాహకుడిని, కార్మికులను కూర్చోబెట్టి వేళలు కుదుర్చుకుంటే తప్ప ఈ ముడి వీడదు. దానికి పరికరాలు, నిధులు మాత్రమే చాలవు, పరిచయం, నమ్మకం కావాలి.

సూరత్‌లో తెలుగు గొంతు

తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు, ఇతర కులాల చేతివృత్తులవారు షోలాపూర్, భివండిలతో పాటు సూరత్‌కూ దశాబ్దాలుగా వలస వెళుతున్న సంగతి విదితమే. లింబాయత్ తదితర శ్రామిక ప్రాంతాలలో తెలుగు మాట వినిపిస్తుంది. మగ్గం నేసేవారు కొందరైతే, చీరెలకు అంచులు కుట్టడం, మెరుపులు అతకడం వంటి పనులు ఇంటి వద్దనే చేసే మహిళలు మరికొందరు. ఈ ఇంటిపని ఏ హాజరు పట్టీలోనూ ఎక్కదు. కంటిచూపు మందగించినా, నడుం పట్టుకున్నా అది వృత్తి రోగంగా లెక్కకు రాదు.

ఇక్కడ సూరత్ నగరపాలక సంస్థను అభినందించవలసిన అంశమొకటున్నది. ఆ సంస్థ ప్రాథమిక పాఠశాలలు గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాలలో కూడా నడుస్తున్నాయి. పిల్లవాడికి సొంత భాషలో చెబితేనే చదువు ఎక్కుతుందని పాలకులు ఏనాడో గుర్తించారు. గర్భిణికి ఇవ్వవలసిన సలహా, క్షయ రోగికి చెప్పవలసిన జాగ్రత్త విషయంలోనూ అదే సూత్రం వర్తించాలి. నొప్పి ఎక్కడో, ఎలా ఉందో పరాయి భాషలో చెప్పుకోలేని రోగి సగం చెప్పి, సగం మందుతో తిరిగివస్తాడు.

కలిసి పనిచేయడం అంటే

బస్తీ ప్రజలతో కలిసి పనిచేయడమన్నది కొత్త ఊహేమీ కాదు. హైదరాబాద్‌లో 1967లోనే పట్టణ సామాజికాభివృద్ధి పథకం ఆరంభమైంది. బస్తీ సంఘాలతో చర్చించి, వారి అవసరాలను వారితోనే నిర్ణయింపజేసి, బాలవాడీలు, కుట్టు కేంద్రాలు, గృహ నిర్మాణం చేపట్టిన ఆ ప్రయోగం దేశం దృష్టిని ఆకర్షించింది. అందరికీ ఆరోగ్యం సాధించాలంటే ప్రజల భాగస్వామ్యం తప్పనిసరి అని 1978లో ఆల్మా ఆటా అంతర్జాతీయ సదస్సు ఉద్ఘాటించింది. మనిషి పుట్టి, పెరిగి, పనిచేసే పరిస్థితులే ఆరోగ్యంలో అంతరాలకు మూలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2008లో తేల్చి చెప్పింది.

అదే 2008లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సహాయంతో ఆసియా నగరాలలో వాతావరణ మార్పులను తట్టుకొనే కార్యక్రమం ప్రారంభం కాగా, మన దేశం నుంచి ఎంపికైన తొలి నగరాలలో ఇండోర్, గోరఖ్‌పూర్‌లతో పాటు సూరత్ ఉంది. ఆ కృషికి కొనసాగింపుగా పట్టణ ఆరోగ్యం, వాతావరణ మార్పులపై ప్రత్యేక కేంద్రం కూడా సూరత్‌లో ఏర్పడింది. వరద, ఎండ, దోమ ఈ మూడూ ముందుగా తాకేది ఎవరినన్న ప్రశ్న అక్కడ నుంచే గట్టిగా వినిపించింది.

2013లో కేంద్రం ప్రారంభించిన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ఈ ఆలోచనకు దేశవ్యాప్త రూపమిచ్చింది. సుమారు 50 వేల జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 200 నుంచి 500 ఇళ్లకు ఒక ఆశా కార్యకర్త, 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలన్నది అందులోని నమూనా. కూలీలకు వీలుగా ఆరోగ్య కేంద్రాలు సాయంత్రం వేళల్లోనూ పనిచేయాలని సూచించారు. హైదరాబాద్‌లో 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు కూడా ఈ కోవలోనివే.

నమూనా మంచిదే. కాని అది కుటుంబాన్ని, స్థిర నివాసాన్ని ఆధారంగా చేసుకున్నది. ఇంట్లో మహిళ ఉంటుంది, ఆమె సమితిలో చేరుతుంది, ఆశా కార్యకర్త తలుపు తడుతుంది. పదిహేను మంది మగవారు వంతులవారీగా నిద్రించే మెస్ గది ఈ నమూనాలో ఇమడదు. ఆ తలుపు తట్టడానికి మహిళా కార్యకర్త సంకోచిస్తే ఆమెను తప్పుపట్టలేము. అటువంటి చోట కార్మికుల నుంచే ఒకరిని ఆరోగ్య మిత్రగా ఎంచుకొని, శిక్షణ, భత్యం ఇచ్చి, మెస్‌ను ఒక ఇల్లుగా కాక ఒక వాడగా పరిగణించడమే మార్గం.

లాక్‌డౌన్ హెచ్చరిక

ఈ అదృశ్య జనం ఒక్కసారిగా కనిపించిన సందర్భం 2020 ఏప్రిల్. కొవిడ్ కారణంగా మగ్గాలు ఆగిపోయి, కూలి నిలిచిపోయి, మెస్‌లలో తిండి కరవైనప్పుడు, ఏప్రిల్ 10 రాత్రి లస్కానా ప్రాంతంలో కార్మికులు రోడ్లపైకి వచ్చారు. నాలుగు రోజుల తర్వాత వరాఛాలో మళ్లీ వందలాది మంది గుమిగూడారు. వారి కోరికలు రెండే: బకాయి కూలి ఇవ్వండి, ఇంటికి పంపండి. 1994లో రోగానికి భయపడి నగరం పారిపోయింది. 2020లో పారిపోవడానికి కూడా వీలులేక కార్మికులు రోడ్డెక్కారు. రెండు సందర్భాలకూ మధ్య నగరం శుభ్రపడింది, సంపన్నమైంది. కాని కష్టకాలంలో తనను ఈ నగరం ఆదుకుంటుందన్న నమ్మకం మాత్రం కార్మికునిలో ఏర్పడలేదు.

హక్కులు ఊరు దాటాలి

సమస్యకు ఆర్థిక కోణం కూడా ఉన్నది. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు ఇ.ఎస్.ఐ. వర్తించాలి. మరమగ్గాల షెడ్లు తరచు చిన్న చిన్న యూనిట్లుగా చూపబడుతుండటంతో అనేకులు ఆ రక్షణకు బయటే మిగులుతున్నారు. అంతర్రాష్ట్ర వలస కార్మికులకు ఉచిత వైద్యం కల్పించే బాధ్యతను 1979 నాటి చట్టం గుత్తేదారుపై ఉంచింది. ఆ చట్టాన్ని 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత స్మృతిలో కలిపారు. చట్టం పేరు మారినా, కార్మికుని పేరు ఏదో ఒక పట్టీలో ఎక్కితేనే అది అక్కరకు వస్తుంది.

కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యం అందించే ఆయుష్మాన్ భారత్ పథకం 2018లో మొదలైంది. దేశంలో ఎక్కడైనా చెల్లుబాటు కావడం దాని ప్రధాన ఆకర్షణ. అయితే సూరత్‌కు కార్మికులను పంపే రాష్ట్రాలలో తెలంగాణ 2021లోనూ, ఒడిశా 2025లోనూ మాత్రమే ఆ పథకంలో చేరాయి. అంటే పథకం పుట్టిన చాలా ఏళ్ల దాకా గంజాం కార్మికునికి ఆ ప్రయోజనం దక్కలేదు. ఇప్పుడు చేరినా అది ఆసుపత్రిలో చేరిన రోగికే ఉపకరిస్తుంది. జ్వరానికి, దగ్గుకు, రక్తపోటు మాత్రలకు కావలసింది నడిచిపోయే దూరంలో, పని ముగిసిన వేళ తెరిచి ఉండే వైద్యశాల.

చెత్తకుప్పలు తొలగించడానికి సూరత్‌కు ఏడాదిన్నర పట్టింది. ఆరోగ్యంలో అంతరాలు తొలగించడానికి అంతకంటే ఎక్కువ ఓర్పు కావాలి. నగరం సగటు లెక్కలకు పరిమితం కాకుండా బస్తీల వారీగా, వలస వచ్చినవారిని విడిగా, రోగాల, మరణాల లెక్కలు ప్రకటించడం తొలి మెట్టు. ఆ లెక్కలను ఆయా బస్తీల ముందుంచి, వారి భాషలో చర్చించి, వైద్యశాల వేళల నుంచి నీటి కుళాయి స్థలం వరకు వారితో కలిసి నిర్ణయించడం రెండో మెట్టు. పరిశుభ్రతలో సూరత్ సరసన నిలిచిన విజయవాడతో సహా మన పట్టణాలన్నీ ఈ ప్రశ్న తమకు తాము వేసుకోవలసి ఉన్నది. పరిశుభ్ర నగరాలకు ఏటా ర్యాంకులు ప్రకటిస్తున్న దేశం, ఏ నగరంలో పేదవాడికి, ధనికుడికి ఆయుర్దాయంలో తేడా తగ్గిందో కూడా ప్రకటించే రోజు రావాలి.